తొలి కొనుగోలుదారు ఎక్కడ?

పోచంపల్లి పట్టుచీర మగ్గం మీదికి ఎక్కకముందే ఒక పని ఉంటుంది. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని వరుస తప్పకుండా చుట్టాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ కదలాలి. నాలుగైదు గంటలు పట్టే ఈ పని సాధారణంగా ఇంటి ఆడవాళ్ల వంతు. ఆలేరు మండలం శారాజీపేటలో చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం తయారీకి పూనుకున్నారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి. అప్పు తెచ్చి ఒక్కో భాగం చేయించుకుంటూ, ఊళ్లోవాళ్లు నవ్వితే పడుతూ, హైదరాబాద్ వచ్చి కూలి చేసుకుంటూ 1999 నాటికి ఆ యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది.

ఇలాంటి ఆవిష్కర్తలను వెతికి పట్టుకోవడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం సాయంతో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఏర్పడింది 2000 మార్చిలో. అంటే మల్లేశం యంత్రం తిరగడం మొదలైన మరుసటి ఏడాది! ఆ తర్వాత గుర్తింపు వచ్చింది, కాదనడం లేదు. 2009లో ఆ సంస్థ పురస్కారం, 2011లో పేటెంట్, 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన జీవితం మీద సినిమా. తెలుగు నేల మీది పల్లె ఆవిష్కర్తలను వెలికితీయడంలో బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపే పల్లె సృజన చేసిన కృషి కూడా తక్కువది కాదు. అయినా ఈ తేదీల వరుసను ఒకసారి నిదానంగా చూడండి. చేతిలో డబ్బు లేక, పనిముట్టు సగంలో ఆగి, ఇక వదిలేద్దామా అనుకున్న ఆ ఏడేళ్లలో రాజ్యం జాడ కనిపించదు. గెలిచి ఒడ్డుకు చేరాక శాలువా కప్పడానికి వచ్చింది.

అది పాతికేళ్ల నాటి మాట, ఇప్పుడు స్టార్టప్ ఇండియా ఉంది, టీ-హబ్ ఉంది, నమూనాలు తయారు చేసుకోవడానికి టీ-వర్క్స్ ఉంది అని విద్యార్థులు అంటారు. నిజమే. 2015లో టీ-హబ్, 2016 జనవరిలో స్టార్టప్ ఇండియా, 2017లో తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్, 2023లో టీ-వర్క్స్ వచ్చాయి. మంగళగిరిలో రతన్ టాటా పేరుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2025లో ఒక హబ్‌ను తెరిచింది. పథకాలకు కొదవ లేదు. ఏ పథకం గుమ్మం ముందు ఏ కులం వాళ్లను నిలబెడుతున్నాం, ఆ గుమ్మం దాటాక వారు తయారు చేసిన వస్తువును ఎవరు కొంటున్నారు అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

నా తరగతిలో రెండు పథకాల మార్గదర్శకాలను పక్కపక్కన పెట్టి చదివిస్తుంటాను. మొదటిది 2021లో 945 కోట్ల రూపాయలతో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్. ఆలోచన పనిచేస్తుందని నిరూపించుకోవడానికీ, నమూనా తయారీకీ ఒక్కో సంస్థకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తారు. దాన్ని తిరిగి కట్టనక్కర్లేదు. బజారులోకి వెళ్లేందుకు మరో 50 లక్షల వరకు రుణంగానో రుణపత్రాల రూపంలోనో అందుతుంది. డబ్బు నేరుగా రాదు, ఇంక్యుబేటర్ల ద్వారా వస్తుంది. దరఖాస్తుదారు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగానో, ఎల్ఎల్‌పీగానో, రిజిస్టరైన భాగస్వామ్య సంస్థగానో నమోదై స్టార్టప్‌గా గుర్తింపు పొంది ఉండాలి.

రెండోది 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ. ఐదేళ్లకు 13 వేల కోట్ల రూపాయలు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, చెప్పులు కుట్టేవారు, మంగలి, చాకలి, బుట్టలు అల్లేవారు, చేపల వలలు అల్లేవారు – మొత్తం 18 వృత్తులు. కొన్ని రోజుల శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయల వోచరు. ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షలు అప్పు. కుటుంబ ఆధారిత సంప్రదాయ వృత్తిలో ఉన్నవారే అర్హులు.

మొత్తం కేటాయింపు చూస్తే రెండోదే పెద్దది, అందులో దాపరికం లేదు. అయితే ఒక్కో మనిషి దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మొదటి పథకం కొత్త వస్తువు చేయబోయేవాడికి 20 లక్షలు ఇచ్చి, విఫలమైతే మరచిపోతుంది. రెండో పథకం తరతరాలుగా వస్తువులు చేస్తున్నవాడికి పనిముట్ల కోసం 15 వేలు ఇచ్చి, మిగిలింది వడ్డీతో సహా కట్టమంటుంది. మొదటివాడికి విఫలమయ్యే హక్కు ఉంది. రెండోవాడికి ఆ హక్కు లేదు. కొత్త పరికరం కనిపెట్టడమంటే పదిసార్లు విఫలం కావడమేనని ప్రయోగశాలలో కాలు పెట్టిన ఎవరికైనా తెలుసు. కుమ్మరి సారెకు కొత్త రూపం ఇవ్వాలనుకునే కుర్రవాడు రెండో పథకం కింద లక్ష అప్పు తెచ్చి ప్రయోగం చేస్తే, విఫలమైన మరుసటి నెల బ్యాంకు మనిషి ఇంటికొస్తాడు. మొదటి పథకం కింద వెళ్దామంటే ముందు కంపెనీ కావాలి, అకౌంటెంటు కావాలి, ఇంక్యుబేటర్ కమిటీ ముందు ఇంగ్లీషులో ప్రదర్శన ఇవ్వగలగాలి.

తమిళనాడు ప్రభుత్వం విశ్వకర్మ పథకాన్ని ఉన్నది ఉన్నట్టుగా అమలు చేయనని 2024లో చెప్పింది. కుటుంబ వృత్తి అన్న నిబంధన తీసేయాలన్నది ఆ రాష్ట్ర అభ్యంతరాల్లో ముఖ్యమైనది. కులానికీ వృత్తికీ ఉన్న ముడిని ప్రభుత్వ ధనంతో బిగించవద్దన్న ఆ వాదనతో నేను ఏకీభవిస్తాను. అయితే అక్కడితో ఆగితే సగం మాటే చెప్పినట్టు. వృత్తి నుంచి బయటికి వెళ్లే స్వేచ్ఛ ఎంత అవసరమో, వృత్తిలో ఉంటూనే ఆవిష్కర్తగా గుర్తింపు పొందే హక్కూ అంతే అవసరం. మన పథకాలు మేధను ఒక గదిలో, చేతిపనిని మరో గదిలో పెట్టాయి. మేధ గదికి ‘ఇన్నోవేషన్’ అని, చేతిపని గదికి ‘నైపుణ్యం’ అని బోర్డులు రాశాయి. ఈ విభజనను ఇవాళ్టి అధికారులు కనిపెట్టలేదు, మనుస్మృతి కాలం నుంచి ఉన్నదే. తంగేడు చెక్క, కరక్కాయలతో పచ్చి తోలును చెడిపోకుండా నిలిపిన లంద దగ్గరి జ్ఞానాన్ని రసాయన శాస్త్రమని మన పాఠ్యపుస్తకం ఎన్నడూ అనలేదు. మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలుగా చూడాలని కంచ ఐలయ్య ‘పోస్ట్ హిందూ ఇండియా’లో వాదిస్తే, ఆ పుస్తకం చుట్టూ జరిగిన గొడవల్లో ఈ మాట మీద చర్చే జరగలేదు.

పేటెంటు చట్టం దగ్గర ఈ ప్రశ్న మరో మలుపు తీసుకుంటుంది. 2002 సవరణతో 1970 నాటి చట్టంలో సెక్షన్ 3(పి) చేరింది. సంప్రదాయ జ్ఞానానికీ, సంప్రదాయంగా తెలిసిన గుణాల కూర్పుకీ పేటెంటు ఉండదన్నది దాని సారాంశం. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయిన పోరాటం వెనుక ఉన్న భయమే ఈ సెక్షన్‌కు మూలం. ఆ భయం సహేతుకమైనదే. బహుళజాతి సంస్థ మన పెరటి మొక్కను ఎత్తుకుపోకుండా అది కాపలా కాస్తుంది. అదే సమయంలో వృత్తి లోపలినుంచి మెల్లగా, తరానికో మెట్టుగా జరిగే మెరుగుదలకు ఆవిష్కరణ హోదా దక్కడం కష్టమవుతుంది. యంత్రమైతే దారి ఉంది, మల్లేశానికి పేటెంటు వచ్చింది. రంగు పట్టించే పద్ధతి, తోలు ఊనే పద్ధతి, మట్టిపాళ్లు కలిపే పద్ధతి అయితే ‘ఇది మీ తాతలకూ తెలుసు కదా’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. సమష్టి ఆస్తిగా భౌగోళిక గుర్తింపు ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో వచ్చింది. అది ఊరి పేరును కాపాడుతుంది, ఊళ్లో ఒక్కరు చేసిన కొత్త ఆలోచనకు దానిలో చోటు లేదు. దరఖాస్తు రుసుము వ్యక్తులకూ చిన్న సంస్థలకూ 1,600 రూపాయలే, పెద్ద సంస్థలకు 8,000. ఈ రాయితీ మంచిదే. అసలు ఖర్చు ఆ దరఖాస్తును చట్టం భాషలో రాసిపెట్టే మనిషిని వెతుక్కోవడంలో ఉంది.

డబ్బు సంగతికి వద్దాం. జాతీయ నమూనా సర్వే 73వ రౌండు (2015–16) ప్రకారం దేశంలో 6.33 కోట్ల సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలున్నాయి. సూక్ష్మ సంస్థల యజమానుల్లో ఎస్సీలు 12.48 శాతం. చిన్న సంస్థలకు వచ్చేసరికి 5.50 శాతం. మధ్యతరహా సంస్థల దగ్గర ప్రభుత్వ నివేదికలో అచ్చయిన అంకె 0.00. ఓబీసీలు సూక్ష్మ సంస్థల్లో దాదాపు సగం మంది, మధ్యతరహాలో 23.85 శాతం. ఈ మూడు సున్నాల దగ్గర కాసేపు ఆగాలి. సంస్థ పెట్టడం దళితులకు చేతనైంది, పెంచడం మాత్రం సాధ్యం కాలేదు. కొత్త వస్తువు బజారులో నిలవాలంటే సూక్ష్మ సంస్థ చిన్నదిగా, చిన్నది మధ్యతరహాదిగా ఎదగాలి. సరిగ్గా ఆ మెట్టు మీదే కులం కాలు అడ్డం పెడుతోంది. పైగా ఈ సంస్థల్లో సుమారు 96 శాతం ఒక్కరి యాజమాన్యంలోనివి, అంటే కంపెనీలుగా నమోదైనవి కావు. సీడ్ ఫండ్ షరతు దగ్గరే వీరి కథ ముగుస్తుంది. స్టార్టప్‌ల గురించి ఏటా ప్రకటించే అంకెల్లో మహిళా డైరెక్టర్లున్న సంస్థల వాటా ఉంటుంది, కులం వరుస మాత్రం కనబడదు.

బ్యాంకు అప్పుల మాటేమిటి? 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా మొదలైంది. దేశంలోని సుమారు 1.25 లక్షల బ్యాంకు శాఖల్లో ప్రతి శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు కొత్త సంస్థ కోసం అప్పివ్వాలన్నది లక్ష్యం. ఏడేళ్ల తర్వాత, 2023 మార్చి నాటికి ప్రభుత్వమే చెప్పిన లెక్క ఇది: మొత్తం ఖాతాలు 1,80,636. అందులో మహిళలవి 1,44,787, ఎస్సీలవి 26,889, ఎస్టీలవి 8,960. ఎస్సీ, ఎస్టీలను కలిపినా 35,849. శాఖకొక్కరు అన్న కనీస లక్ష్యం ఏడేళ్లలో మూడో వంతు కూడా నెరవేరలేదు. ప్రతి నాలుగు శాఖల్లో దాదాపు మూడు, ఏడేళ్లలో ఒక్క దళితుడినీ ఒక్క ఆదివాసీనీ నమ్మదగిన వ్యాపారిగా గుర్తించలేకపోయాయన్నమాట. రాష్ట్రాల పథకాల్లో డబ్బు కాస్త సులువుగా కదిలింది. 2021లో తెలంగాణ తెచ్చిన దళిత బంధు 10 లక్షల రూపాయలను తిరిగి కట్టనక్కర్లేని సాయంగా ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ డబ్బులో చాలా భాగం కార్లు, ట్రాక్టర్లు, సరకు వాహనాల వైపు వెళ్లింది. దానికి లబ్ధిదారులను తప్పుపట్టలేను. కారుకు కిరాయి దొరుకుతుందని వారికి తెలుసు. కొత్త వస్తువు చేస్తే కొనేవారు దొరుకుతారని ఎవరు హామీ ఇచ్చారు?

అసలు సమస్య ఇక్కడే ఉంది. కొత్త వస్తువుకు గ్రాంటు కంటే, అప్పు కంటే తొలి కొనుగోలుదారు ముఖ్యం. అమెరికా ఈ సంగతిని 1982లోనే చట్టంగా రాసుకుంది. పెద్ద ప్రభుత్వ విభాగాలు బయటి పరిశోధనకు పెట్టే ఖర్చులో కొంత వాటాను చిన్న సంస్థలకు కేటాయించాలి. ఆ వాటా పెరుగుతూ 3.2 శాతానికి చేరింది. మొదటి దశలో ఆలోచనకు, రెండో దశలో నమూనాకు డబ్బిస్తారు. మూడో దశలో ఆ నిధి నుంచి పైసా రాదు. అయితే ఆ వస్తువును ప్రభుత్వ విభాగం మళ్లీ పోటీ టెండరు పిలవకుండా నేరుగా కొనవచ్చు. అణగారిన వర్గాల భాగస్వామ్యాన్ని పెంచడం కూడా ఆ చట్టం లక్ష్యాల్లో ఒకటిగా రాశారు. ఆ లక్ష్యం అక్కడ కూడా సరిగా నెరవేరలేదని సమీక్షలు పదేపదే చెప్పాయి. కాబట్టి దాన్ని తెచ్చి ఇక్కడ అతికించమని అనను. మన బయోటెక్నాలజీ విభాగం 2005లో ఆ నమూనాను పోలిన పథకం ఒకటి పెట్టింది కూడా. డబ్బిచ్చే దశలను మనం అరువు తెచ్చుకున్నాం, కొనే దశను అక్కడే వదిలేసి వచ్చాం.

మన దగ్గర రాజ్యం కొనుగోలుదారుగా నిలబడితే ఏమవుతుందో చూడటానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. 2017లో హైదరాబాద్ జలమండలి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. పెద్ద వాహనాలు దూరలేని పాతబస్తీ సందుల్లోకి వెళ్లి, మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగకుండా మురుగు పూడిక తీసేలా వాటిని రూపొందించారు. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి ఆ యంత్రాలకు దళితులనే యజమానులను చేశారు. బ్యాంకు అప్పిచ్చింది, జలమండలి పని ఇస్తానంది. రెండేళ్ల తర్వాత ఢిల్లీ జల్ బోర్డు ఇదే పద్ధతిలో 200 యంత్రాలను ప్రవేశపెట్టింది. స్టాండప్ ఇండియా కింద ఏడేళ్లుగా కాళ్లరిగేలా తిరిగినా కదలని బ్యాంకులు ఇక్కడ ఎందుకు కదిలాయి? నెలనెలా బిల్లు చెల్లించే ప్రభుత్వ సంస్థ ఒకటి కాగితం మీద సంతకం పెట్టింది కాబట్టి. దళితుడి చేతిలోని కాంట్రాక్టే బ్యాంకుకు పూచీకత్తు అయింది.

ఈ ఏర్పాటు మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మురుగు పనిలో దళితులే ఉండాలన్న సామాజిక నియమం యంత్రం వచ్చాక కూడా చెక్కుచెదరలేదు, కూలి స్థానంలో యజమాని వచ్చాడంతే. అది ముందడుగే. చేత్తో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చాక కూడా మ్యాన్‌హోళ్లలో చావులు ఆగలేదు. ఆ కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించి, 2023లో 30 లక్షలకు పెంచాల్సి వచ్చింది. అలాంటి చోట ప్రాణం నిలిపే యంత్రాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాబోటి కుర్చీలో కూర్చున్నవాడికి తగదు. రెండో అభ్యంతరం రూపకల్పన గురించి. మురుగు ఎక్కడ గట్టిపడుతుందో, విషవాయువు ఏ వేళ పైకి తన్నుతుందో, ఏ వంపులో గొట్టం ఇరుక్కుంటుందో ఆ గుంతల్లో దిగినవాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. ఈ ఏర్పాటులో వారికి దక్కింది యంత్రం యాజమాన్యం, దాన్ని నడిపే పని. రేపు అదే యంత్రం కొత్త రూపంలో దేశమంతా అమ్ముడైతే ఆ జ్ఞానానికి వాటా ఏదీ?

ఇక చట్టపరమైన కొనుగోళ్ల విధానం. కేంద్ర మంత్రిత్వ శాఖలూ ప్రభుత్వరంగ సంస్థలూ ఏటా చేసే కొనుగోళ్లలో సూక్ష్మ, చిన్న సంస్థల వాటా 25 శాతం ఉండాలి, అందులో ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థల వాటా 4 శాతం. 2012లో వచ్చిన ఈ ఉత్తర్వు 2015 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. ఈ వాటా నెరవేరేలా చూడటానికి 2016 అక్టోబరులో జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ పెట్టారు. అయినా ఇప్పటిదాకా ఆ 4 శాతాన్ని అందుకున్న ఏడాది లేదు. చాలా ఏళ్లలో అది ఒక శాతం కూడా దాటలేదు. 25 శాతం మొత్తం లక్ష్యాన్ని మాత్రం తేలిగ్గా దాటేస్తున్నారు.

అదెలా సాధ్యమంటే, ఆ ఉత్తర్వులోనే ఒక కిటికీ ఉంది. ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకు సరితూగకపోయినా, ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థలతో నింపుకోవచ్చు. ఉద్యోగాల రిజర్వేషన్లలో ఈ ఆట మనకు బాగా తెలుసు. ‘అర్హులు దొరకలేదు’ అని రాసి పోస్టును జనరల్‌లోకి మళ్లించేవారు. దాన్ని ఆపడానికే పోరాడి బ్యాక్‌లాగ్ విధానాన్ని సాధించుకున్నాం. 2000లో వచ్చిన 81వ రాజ్యాంగ సవరణ ఆ ఖాళీలను ఏటికేడు ముందుకు తీసుకెళ్లే వీలు కల్పించింది. కొనుగోళ్లకు అలాంటి బ్యాక్‌లాగ్ లేదు. మార్చి 31తో ఆ ఏటి బాకీ మాఫీ అయిపోతుంది. మన విద్యార్థి సంఘాలు బ్యాక్‌లాగ్ పోస్టుల మీద ధర్నా చేయని సంవత్సరం లేదు, బ్యాక్‌లాగ్ కొనుగోళ్లు అన్న మాట మాత్రం నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు.

టెండరు షరతుల మాట కూడా చెప్పాలి. మూడేళ్ల అనుభవం, ఇంత టర్నోవర్ అని అడుగుతారు. నిన్న కనిపెట్టిన వస్తువుకు మూడేళ్ల అనుభవం ఎక్కడిది? 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి స్టార్టప్‌ల విషయంలో ఈ షరతును సడలించవచ్చు అంది. ‘సడలించవచ్చు’ అన్న పదం అధికారి ఇష్టానికి వదిలిన పదం. ఆ ఇష్టం ఏ ఇంటిపేరు చూసి కలుగుతుందో ఈ పేజీ పాఠకులకు వివరించనక్కర్లేదు.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. నిండని 4 శాతాన్ని మరుసటి ఏడాదికి బదలాయించాలి. అందులో కొంత భాగాన్ని కొత్త వస్తువులకు కేటాయించి, నమూనా దశ దాటిన పరికరాన్ని టెండరు లేకుండా పరిమిత సంఖ్యలో కొని వాడిచూసే వీలు కల్పించాలి. రాష్ట్రాలు కేంద్రం కోసం ఎదురుచూడక్కర్లేదు. గురుకులాల వంటశాలలు, ఆర్టీసీ డిపోలు, సింగరేణి గనులు, చేనేత సహకార సంఘాలు, పురపాలక సంఘాలు ఏటా కొంటున్న వస్తువుల జాబితా తీస్తే, అందులో ఎన్నింటికి పల్లె ఆవిష్కర్తల దగ్గర ప్రత్యామ్నాయం ఉందో పల్లె సృజన వంటి సంస్థలు ఒక్క రోజులో చెప్పగలవు. ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో తెలంగాణ జిల్లాల్లో పంద్రాగస్టు నాడు ప్రదర్శనలు పెట్టారు. ఆ పరికరాల ముందు కలెక్టర్లు ఫొటోలు దిగారు. ఆ రోజే పది పరికరాలకు కొనుగోలు ఉత్తర్వు రాసిచ్చే అధికారం కలెక్టరుకు ఇచ్చి ఉంటే ఆ ప్రదర్శన స్వరూపమే మారిపోయేది.

కేంద్రం విషయంలో పార్లమెంటు దాకా పోయే పని కూడా లేదు. 4 శాతం వాటా 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టంలోని 11వ సెక్షన్ కింద జారీ అయిన ఉత్తర్వు. 2018లో మొత్తం వాటాను 20 నుంచి 25 శాతానికి పెంచినప్పుడు, మహిళలకు 3 శాతం చేర్చినప్పుడు, మంత్రిత్వ శాఖ ఒక్క నోటిఫికేషన్‌తో ఆ పని చేసింది. ఎస్సీ, ఎస్టీ వాటాను ఇతరులతో నింపుకోవచ్చన్న వాక్యాన్ని మాత్రం ఆ రోజు కూడా ఎవరూ ముట్టుకోలేదు.